మా వదిన రౌటర్ టేబుల్

మా వదిన పోయారు. ఆ కబురు తెలిసేసరికి నేను ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర కట్టలు ఏరుతున్నాను. మా ఆయన ఫోన్ చేసి, అక్క వెళ్లిపోయిందన్నారు. సరే, వస్తున్నానన్నాను. ఫోన్ పెట్టేశాక చేతిలో ఉన్న కట్టలో ఆకులు పసుపెక్కాయని దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాను. లైన్‌లో నిలబడ్డాను. కౌంటర్ దగ్గరమ్మాయి రసీదు కావాలా అంటే కావాలన్నాను. బయటికొచ్చి కారు అద్దం మీద పేరుకున్న మంచు గీకుతుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ పూటకీ రాలేదు. ఇదేం మనిషినో నాకే తెలియడం లేదు.

వదిన అంటే మా ఆయనకి సొంత అక్క, నాకు ఆడపడుచు. ఇక్కడ అమెరికాలో, నోవై అనే ఊళ్లో కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో డిజైన్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మా ఊరి తెలుగువాళ్ల పత్రికకి ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని అడిగారు. అడిగినవాళ్లే సాయంగా ఒక నమూనా కూడా పంపారు. అందులో సౌమ్యురాలు, మితభాషి అని ఉంది. చదివి నేను, మా ఆయన ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. వదిన ఆ రెండూ కాదు. మాట్లాడితే పక్కింటి కుక్క లేచి కూర్చునేది. అందుకని ఆ నమూనా పక్కన పెట్టి నాకు తోచినట్టు రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఫ్యునరల్ హోమ్‌లో అందరూ వరసగా వెళ్లి పూలు పెడుతున్నారు. నా వంతు వచ్చినప్పుడు నేను వదిన మొహం సరిగ్గా చూడలేదు. ఆవిడని పడుకోబెట్టిన చెక్క పెట్టె అంచు చూస్తూ నిలబడ్డాను. ఒక మూల మిషన్ ఆగి ఆగి నడిచినట్టుంది, సన్నగా మెట్టు పడింది, ఎవరూ ఇసుక కాగితం పట్టలేదు. వదిన చెక్కతో తను చేసినదేదైనా చూపించి, "బాగుందని చెప్పకు, ఎక్కడ బాగాలేదో చెప్పు" అనేవారు. అదిగో, ఆ మూల బాగాలేదు వదినా, అని మనసులో అనుకున్నాను. వెనకున్నావిడ భుజం తడితే పూలు పెట్టి పక్కకి తప్పుకున్నాను.

నేను పెళ్లయి ఇక్కడికి వచ్చేటప్పుడు అందరూ నన్ను బాగా భయపెట్టి పంపారు. ఆడపడుచు ఉన్న ఊళ్లోనే కాపురం, నోరు అదుపులో పెట్టుకో అన్నారు. మొదటి ఆదివారం భోజనానికి పిలిస్తే పట్టుచీర కట్టుకుని వెళ్లాను. తలుపు తీసింది అన్నయ్యగారు, అంటే వదిన భర్త. ఆయన నడుముకి ఏప్రన్ ఉంది, లోపల పప్పుచారు తాలింపు వాసన. వదిన గరాజ్‌లో ఉన్నారు. జుట్టు నిండా రంపంపొట్టు, మెడలో చెవులు మూసుకునే డిప్పలు. కుశల ప్రశ్నల్లేవు, బొట్టు పెట్టడాల్లేవు. కళ్లలో పొట్టు పడకుండా కళ్లద్దాల జత ఒకటి నా చేతిలో పెట్టి, కొంగు దోపుకుని ఆ చెక్క రెండో కొస పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. ఆ రోజు ఇంటికెళ్లేసరికి పట్టుచీర నిండా పొట్టే. అయినా ఎందుకో నాకు ప్రాణం తేలికపడింది. భయపడాల్సిన ఆడపడుచు ఈవిడ కాదులే అనిపించింది.

ఆవిడ చేసేవి ఎక్కువగా పీటలు. ఈ ఊళ్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే దంపతులు యోగా మ్యాట్ల మీద కూర్చుంటారు. ఒకింట్లో బాత్రూమ్ ముందు వేసే పట్టా మీద కూర్చోబెట్టారట. అది చూసి వదిన ప్రసాదం కూడా సరిగ్గా తినలేకపోయారట. అప్పటినుంచి ఎవరు ఇల్లు కొనుక్కున్నా గృహప్రవేశానికి రెండు మేపుల్ చెక్క పీటలు పట్టుకెళ్లేవారు. చేసి పెట్టమని అడగక్కర్లేదు, వద్దన్నా ఇచ్చేవారు. నా చేత కొలతలు తీయించి, మళ్లీ తనే కొలిచేవారు. "నీ మీద నమ్మకం ఉందే, నీ టేపు మీద లేదు" అనేవారు. పీట అందమంతా అంచుల్లో ఉంటుందని ఆవిడ పట్టుదల. తొడకి గుచ్చుకోకుండా అంచు గుండ్రంగా తిరగాలి. దానికి వాడేది రౌటర్. వైఫై డబ్బా కాదండీ, గిర్రున తిరిగే పళ్ల బిట్‌తో చెక్క అంచుల్ని మలిచే కరెంటు మిషన్. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని చెక్క అంచు వెంబడి నడపాలి.

తర్వాత కాన్సర్ వచ్చింది. కీమో అయ్యాక జబ్బు కాస్త వెనక్కి తగ్గింది కానీ వదిన వేళ్లు మొద్దుబారిపోయాయి. స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టర్లు. స్వెటర్ గుండీలు పెట్టుకోవడానికి అద్దం ముందు నిలబడి చూసుకుంటూ పెట్టుకునేవారు. ఒక రోజు పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసు పట్టుకుని మాతో కబుర్లు చెబుతూనే ఉన్నారు. అన్నయ్యగారు చూసి గ్లాసు లాక్కునేసరికి వేళ్ల కొసలు ఎర్రగా కందిపోయాయి. ఆవిడకి తెలియనే లేదు. ఆయన అప్పటికప్పుడే గరాజ్ సామానంతా అమ్మేద్దామన్నారు. ఈ చేతులతో మిషన్ పట్టుకుంటే వేళ్లు పోతాయని ఆయన భయం. ఆ భయం తప్పని ఎవరం అనగలం?

వదిన మాత్రం దానికో ఉపాయం ఉందన్నారు. మిషన్‌ని చేత్తో పట్టుకోవడమే కదా కష్టం, దాన్ని తలకిందులుగా ఒక బల్ల కింద బిగించేద్దాం. బిట్ ఒక్కటే బల్ల పైకి పొడుచుకొస్తుంది. వెనకాల ఒక అడ్డుబద్ద, దాన్ని ఫెన్స్ అంటారు. పీటని ఆ బద్దకి ఆనించి బిట్ పక్కనుంచి తోసుకుంటూ పోతే అంచు గుండ్రబడుతుంది. పీట మీద చెయ్యి వెయ్యకుండా, రబ్బరు అడుగున్న పిడులతో నొక్కి తొయ్యచ్చు. అదీ రౌటర్ టేబుల్. అది ఉంటే తన చేతులతో తను ఇంకా పని చేసుకోగలనని ఆవిడ ఆశ. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు తగ్గింది. వదిన గొంతు తగ్గడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అన్నయ్యగారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. కట్టుకో, కానీ ఒక్కసారి ఏదైనా జరిగిందంటే గరాజ్ ఖాళీ, తర్వాత నన్నేమీ అనడానికి లేదన్నారు. వదిన ఒప్పుకున్నారు. నేను సాక్షిని.

ఆ ఎండాకాలమంతా శనివారాలు నేను అక్కడే. ఇంట్లో మా ఆయన ఇష్టమైతే వండుకు తిన్నారు, లేకపోతే లేదు. మా కాలనీలో ఒకళ్లు వంటింటి గట్టు మార్పించుకుంటూ సింకు కోసం కోసేసిన పలక పారేస్తుంటే వదిన కారు ఆపి అడిగి తెచ్చారు. రాయి కాదు, పైన లామినేట్ అంటించిన నున్నటి చెక్క పలక, పీట జారడానికి అంతకంటే మంచిది దొరకదన్నారు. అదే మా బల్ల పైభాగం. మధ్యలో గొయ్యి తొలిచి రౌటర్ బిగించే అల్యూమినియం ప్లేటు కూర్చోబెట్టాం. ప్లేటు, పలక ఒకే మట్టంలో ఉండాలి, వెంట్రుకవాసి తేడా ఉన్నా పీట అక్కడ తట్టుకుంటుంది. మామూలుగా అయితే వదిన వేలితో రాసి చూసి చెప్పేసేవారు. ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆ అతుకు మీద రాయించి, గోరు తగులుతోందా అని అడిగేవారు. తగులుతోందంటే నాలుగు మూలల మరల్లో ఒకటి కొంచెం తిప్పేవారు. మళ్లీ నా గోరు. నేను విసుక్కుంటే, "తొందరుంటే వెళ్లి వంట చేసుకో, మిషన్ దగ్గరికి రాకు" అనేవారు. నేను ఎక్కడికీ వెళ్లేదాన్ని కాదు.

బల్ల ముందు మోకాలి ఎత్తులో పెద్ద ఎర్ర స్విచ్ పెట్టాం. చేతులు ఖాళీ లేకపోయినా మోకాలితో తోస్తే మిషన్ ఆగిపోతుంది. చివర్లో వదిన నాచేత పలక మీద ఎర్ర మార్కర్‌తో ఇంత పొడుగు బాణం గీయించారు, కుడి నుంచి ఎడమకి. ఎందుకో కూడా చెప్పారు. కుడి నుంచి తోస్తే బిట్ చెక్కని మన మీదకి ఎదురు నెడుతుంది, అప్పుడు పట్టు మన చేతిలో ఉంటుంది. ఎడమ నుంచి తోస్తే బిట్ చెక్కని లాక్కుని విసిరేస్తుంది. మామూలు చేతులైతే ఆ లాగుడు మొదట్లోనే తెలిసిపోతుంది, తన చేతులకి తెలియదు కనక బాణం ఉండాలన్నారు.

మొదటిసారి మిషన్ నడిపే రోజు అన్నయ్యగారు కొబ్బరికాయ, అగరొత్తులు పట్టుకుని గరాజ్‌లోకి వచ్చారు. మంచి రోజు చూసింది కూడా ఆయనే. బల్లకి పసుపు కుంకుమ పెట్టి, నువ్వు ఎటు తిరిగి నిలబడతావని వదినని అడిగారు. ఇటు అని వదిన నిలబడి చూపించారు. అది పడమర. ఆయన మొహం మాడిపోయింది. మొదలుపెట్టేటప్పుడైనా తూర్పుముఖంగా నిలబడాలి, పడమటి ముఖంగా ఏంటి అని పట్టుబట్టారు. వదినకి ఇలాంటివి పట్టవు. కానీ ఆయన షరతు మీదే బతుకుతున్న బల్ల కదా, ఆ ఒక్క ముచ్చట తీరిస్తే పోయేదేముందని సరే అన్నారు. బల్ల తిప్పుదామంటే ఏనుగులా ఉంది, పైగా అడుగున పొట్టు లాగే గొట్టం బిగించి ఉంది. ఫెన్స్ అయితే రెండు బిగింపు క్లాంపులే. అది ఊడదీసి బిట్‌కి అవతలి పక్కన బిగించి, వదిన బల్లకి అటు వెళ్లి తూర్పుకి తిరిగి నిలబడ్డారు. మనిషి తిరిగారు, ఫెన్స్ తిరిగింది. బాణం తిరగలేదు. అక్కడున్న ముగ్గురం ఇంజనీర్లమే. ఒక్కళ్లకీ తట్టలేదు.

బాణం ఇప్పుడు వదినకి ఎడమ నుంచి కుడికి చూపిస్తోంది. ఆవిడ బాణాన్ని నమ్మారు. పీట బిట్‌కి తగలగానే ఒక్క చప్పుడు. పీట గరాజ్ అవతలికి ఎగిరి రంగు డబ్బాల మీద పడింది. దాని వెంట ఒక పిడి కూడా పోయింది. నాకు కళ్లు మూసుకుంటే ఇప్పటికీ కనిపించేది ఆ పీట కాదు. పీట పోయాక కూడా వదిన చేతులు ఏదో తోస్తున్నట్టు ముందుకి వెళ్తూనే ఉన్నాయి, ఒక చేతిలో పిడి కూడా లేదు, బిట్ ఇంకా తిరుగుతోంది. స్విచ్ నా వైపు ఉంది. మోకాలితో ఎంత గట్టిగా తన్నానో తర్వాత రెండు వారాలు కుంటుతూ నడిచాను.

మిషన్ ఆగింది. వదిన తన రెండు చేతులూ ఇటూ అటూ తిప్పి చూసుకున్నారు. వేళ్లన్నీ ఉన్నాయి.

"లాగుతోందని నాకు తెలియలేదు" అన్నారు, ఎవరితోనో కాదు, ఆ చేతులతోనే అన్నట్టు.

అన్నయ్యగారు లోపలికి వెళ్లిపోయారు. నేను అప్పుడు గాని బాణం వంక చూడలేదు. చూశాక ఒళ్లు మండిపోయింది. ఇదంతా ఆ తూర్పు గొడవ వల్లే, వెళ్లి మొహం మీదే చెప్పేస్తానని లేచాను. వదిన నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఆవిడకీ అప్పటికే అర్థమైంది. ఆయన అసలే భయంతో చచ్చిపోతున్నారు, ఆ మాట నీ నోట్లోంచి వచ్చిందంటే ఊరుకోనన్నారు. షరతు షరతేనని, మర్నాటి నుంచి ఒక్కో పనిముట్టే తుడిచి అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టారు. నేను సాయానికి వెళ్లేదాన్ని. అంత వాగుడుకాయ పక్కన కూర్చుని ఏమీ వినపడకపోతే ఎలా ఉంటుందో చెప్పలేను.

తర్వాతి శనివారం వెళ్లేసరికి గరాజ్‌లో అన్నయ్యగారు ఒక్కరే ఉన్నారు. వదిన లోపల పడుకున్నారు. ఆయన బల్లకి అవతల, ఆ రోజు వదిన నిలబడ్డ చోటే నిలబడి బాణం వంక చూస్తున్నారు. చెయ్యి ఇటు పెట్టి, అటు పెట్టి చూసుకుంటున్నారు. నన్ను చూసి, "తూర్పు అన్నది నేనే కదమ్మా" అన్నారు. వదిన మాట ఉంది కనక నేను నోరు విప్పలేదు. క్లాంపులు వదులు చేసి ఫెన్స్‌ని తనే మోసుకొచ్చి పాత చోట పెట్టారు. బిగించడం ఆయనకి రాదు, నేను బిగించాను. సాయంత్రం వదిన లేచాక అన్నయ్యగారు, ఏమీ అమ్మక్కర్లేదు, కానీ మిషన్ తిరిగినంతసేపు నేను ఆ స్విచ్ దగ్గరే ఉంటానని చెప్పారు. వదిన, సరే, మిషన్ ఉంటుంది, కానీ నా చేతుల్ని నేనే నమ్మను, ఇకమీదట తోసేది మా మరదలే అన్నారు. నన్ను ఎవరూ అడగలేదు.

అలా చలికాలమంతా గడిచింది. గరాజ్‌లో చిన్న హీటరు, దాని పక్కన కుర్చీలో వదిన, బల్ల ముందు నేను, స్విచ్ పక్కన ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని అన్నయ్యగారు. ఆయనకి ఇంకా ఉద్యోగం ఉంది. పెద్ద సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఏదో నడుస్తూ శనివారాలు కూడా కాల్స్ ఉండేవి. మిషన్ వేసేముందు చెయ్యి ఎత్తితే మ్యూట్ పెట్టుకునేవారు. ఒకసారి మర్చిపోయారు. వదిన నన్ను తిడుతున్న తిట్లన్నీ ఆయన టీమంతా విన్నారు. తెలుగు తెలిసిన కుర్రాళ్లు కొందరున్నారట, సోమవారం అందులో ఒకడు మేడమ్‌కి నమస్కారాలు చెప్పమన్నాడట. వదిన ఆ వారమంతా నవ్వుతూనే ఉన్నారు.

పీటలు బాగానే వచ్చేవి. ఎవరెవరి గృహప్రవేశాలకో వెళ్లాయి. కానీ నేను తోస్తున్నప్పుడు ఓరకంట చూస్తే, కుర్చీలో వదిన చేతులు కూడా ఒళ్లో మెల్లగా కదిలేవి. నేను ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ నెమ్మదించేవి. నాకు కష్టంగా ఉండేది. బల్ల కట్టించింది నా కోసం కాదు కదా. ఆవిడది ఆవిడకి ఇచ్చేద్దామంటే ఆ ఎగిరిన పీట గుర్తొచ్చేది. జబ్బు తిరగబెట్టిందని అప్పటికే మా అందరికీ తెలుసు.

ఇప్పుడు గరాజ్‌లో హీటరు ఆపేసి ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్లు మిషన్లు ఏం చేస్తారని అడుగుతున్నారు. అన్నయ్యగారు టీ తాగారా అని అడిగి మాట మార్చేస్తున్నారు. నేను కప్పులు కడుగుతున్నాను. ఇంతకుమించి ఏమీ రావడం లేదు. అందరూ నన్ను ధైర్యంగా ఉందంటున్నారు, ధైర్యం కాదు, ఏమీ లేదు. ఇంత రాశాక ఒక్క శనివారం మిగిలింది, అది కూడా చెప్పేస్తాను.

ఆ రోజు బయట మంచు పడుతోంది. నేను పీట తెచ్చి బల్ల మీద పెట్టి పిడులు తీసుకోబోతుంటే వదిన కుర్చీలోంచి లేచారు.

"ఇవాళ నేను" అన్నారు.

నేను అన్నయ్యగారి వంక చూశాను. వద్దంటారనుకున్నాను. ఆయన కాల్‌లో ఉన్నారు. అవతల ఎవరో మాట్లాడుతుండగానే లాప్‌టాప్ మూసి కింద పెట్టి, బల్లకి దగ్గరగా వచ్చి స్విచ్‌కి మోకాలు ఆనించి నిలబడ్డారు. బాణం వంక ఒకసారి, వదిన వంక ఒకసారి చూసి తల ఊపారు. నేను మిషన్ వేశాను. వదిన పిడులు పట్టుకుని కుడి నుంచి తోశారు. చేతుల వంక చూడలేదు. తల కొంచెం పక్కకి వంచి మిషన్ చప్పుడు వింటున్నారు. చప్పుడు బరువెక్కితే నెమ్మదించారు, తేలికైతే ముందుకి జరిపారు. వేళ్లకి తెలియనిది చెవులతో తెలుసుకుంటున్నారని నాకప్పుడు అర్థమైంది. నాలుగు అంచులూ అయ్యేసరికి చెమట పట్టేసింది. అన్నయ్యగారు మోకాలు నొక్కారు. మిషన్ ఆగింది.

వదిన పీట ఎత్తి అలవాటు కొద్దీ అంచు మీద వేళ్లు రాశారు. మొహంలో ఏమీ లేదు. ఇంకోసారి రాశారు. తర్వాత పీటని పైకెత్తి, ఆ అంచుని తన చెంపకి ఆనించుకున్నారు. కళ్లు మూసుకుని మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా జరిపారు.

"ఏవండీ, ఇలా రండి" అన్నారు.

ఆయన వచ్చారు. ఆవిడకంటే బాగా పొడుగు, నడుం వంచాల్సి వచ్చింది. వదిన రెండు చేతులతో పీట పట్టుకుని ఆయన చెంపకి ఆనించారు. రెండు రోజుల గడ్డం, దానికి తెల్లటి పొట్టు అంటుకుంది. ఎక్కడ బాగాలేదో చెప్పమని ఆవిడ అడగలేదు. ఆయన కళ్లు మూసుకుని అలా వంగే ఉన్నారు. ఆవిడ పీట దించలేదు.